కూలిన ఇంటి పక్కగోడ మీద రేపటి ముఖాలు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరపు పాత పేటల్లో ఇళ్లు విడివిడిగా ఉండవు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వరుసలో, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడతో, భుజాలు ఆనించుకుని నిలబడి ఉంటాయి. రో హౌస్‌లంటారు. వాటిలో ఒకటి పాడుబడి నగరపాలకులు కూలగొట్టించారంటే, అప్పటిదాకా ఎవరి కంటా పడని మధ్యగోడ ఒక్కసారిగా వీధిన పడుతుంది. దగ్గరికెళ్లి చూస్తే పోయిన ఇల్లంతా దాని మీద కనిపిస్తుంది. ఏటవాలుగా పైకెక్కిన మెట్ల జాడ, దూలాలు దిగిన చోట చదరపు గుంటలు, పడకగదికి ఎవరో ముచ్చటపడి వేయించుకున్న లేత నీలం రంగు, పొగగొట్టం వెంట పాకిన మసి చార. కొన్నాళ్లకు దాని మీద సిమెంటు పూత పడుతుంది. ఎదురుగా ఖాళీ స్థలంలో గడ్డి మొలుస్తుంది. అప్పుడది ఒక పెద్ద ఖాళీ కాగితం అవుతుంది.

ఆ నగరంలో అలాంటి కాగితాలకు కొదవ లేదు. 1950లో ఫిలడెల్ఫియా జనాభా 20 లక్షల పైమాటే. 2000 నాటికి 15 లక్షలకు పడిపోయింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, తెల్లవాళ్లు శివార్లకు తరలిపోయారు, నల్లజాతి పేటల్లో ఇళ్లకు బ్యాంకులు అప్పివ్వలేదు. 2010లో జరిగిన ఒక అధ్యయనం నగరంలో సుమారు 40 వేల ఖాళీ స్థలాలు ఉన్నాయని లెక్క తేల్చింది. అమెరికాలో గోడబొమ్మల రాజధానిగా ఈ ఊరికి పేరు రావడానికి కళాభిమానం ఎంత కారణమో, ఈ కూలిన ఇళ్ల లెక్క కూడా అంతే కారణం. ఆ పేరు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పుకోవాలి.

ఈ ఊళ్లోనే, పశ్చిమ ఫిలడెల్ఫియాలో లాన్స్‌డౌన్ అవెన్యూ మీద, జాషువా మేస్ అనే చిత్రకారుడు కింగ్ బ్రిట్ అనే సంగీతకారుడితో కలిసి ఒక పెద్ద కుడ్యచిత్రం చేశారు. పేరు 'డ్రీమ్స్, డయాస్పొరా, అండ్ డెస్టినీ'. కలలు, చెల్లాచెదురైన జాతి, చేరాల్సిన గమ్యం అని చెప్పుకోవచ్చు. మేస్ పుట్టింది డెన్వర్‌లో. ఫిలడెల్ఫియాలో కొన్నేళ్లుండి, తర్వాత కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో స్థిరపడ్డారు. ఆయన బొమ్మల్లో నల్లజాతి ముఖాలు నిండుగా, వెలుగుతో ఉంటాయి. వాటి చుట్టూ భూమి మీద ఎక్కడా లేని లోకాలు అల్లుకుని ఉంటాయి. కింగ్ బ్రిట్ ఫిలడెల్ఫియా బిడ్డే. 1990ల్లో గ్రామీ అందుకున్న డిగబుల్ ప్లానెట్స్ బృందానికి డీజేగా పనిచేసి, తర్వాత ఎలక్ట్రానిక్ సంగీతం వైపు మళ్లారు. ఇప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో ప్రొఫెసర్. నల్లజాతివాళ్లు తమ భవిష్యత్తును తామే ఊహించుకునే కళాధోరణిని ఆఫ్రోఫ్యూచరిజం అంటారు. నల్లజాతి ఎలక్ట్రానిక్ సంగీతంలో దాని గురించి 'బ్లాక్‌ట్రోనికా' అనే కోర్సు చెబుతున్నారు. ఈ గోడకు ఆయన సంగీతం సమకూర్చారు. ఫోన్‌లో యాప్ తెరిచి గోడ వైపు పెడితే బొమ్మ కదిలేలా, పాట వినిపించేలా ఆగ్మెంటెడ్ రియాలిటీ పొర ఒకటి జోడించారు.

ఆఫ్రోఫ్యూచరిజం అన్న మాటను 1993లో మార్క్ డెరీ అనే విమర్శకుడు వాడుకలోకి తెచ్చారు. శామ్యూల్ డిలేనీ, గ్రెగ్ టేట్, ట్రిషియా రోజ్ అనే ముగ్గురు నల్లజాతి మేధావులతో చేసిన సంభాషణలకు ముందుమాటలో ఆయన అడిగిన ప్రశ్న ఇది: ఎవరి గతాన్నయితే పనిగట్టుకుని తుడిచేశారో, చరిత్ర ఆనవాళ్లు వెతుక్కోవడానికే ఎవరి శక్తంతా ఖర్చయిపోతోందో, వాళ్లు భవిష్యత్తును ఊహించుకోగలరా? ఓడలెక్కించి తెచ్చి, పేరు మార్చి, భాష మాన్పించి, తండ్రి ఒక తోటకూ బిడ్డ ఒక తోటకూ అమ్ముడుపోయిన జనం వాళ్లు. తాత పేరు తెలియని మనిషికి మనవడి కాలం గురించి మాట్లాడే హక్కు ఎక్కడిదన్నది ఆ ప్రశ్న సారం. దానికి నల్లజాతి కళాకారులు అప్పటికే ఎన్నో దశాబ్దాలుగా జవాబు చెబుతూనే ఉన్నారు. మాట తర్వాత పుట్టింది, పని ముందే జరుగుతోంది.

ఆ పని ఆనవాళ్లు ఫిలడెల్ఫియాలోనే దొరుకుతాయి. 1896, 97ల్లో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ ఈ ఊరి సెవెన్త్ వార్డులో కాపురముండి, ఇల్లిల్లూ తిరిగి, నల్లజాతి జీవితాన్ని లెక్కలతో సహా గ్రంథస్థం చేశారు. అంత నిక్కచ్చి సామాజిక శాస్త్రవేత్త 1920లో, తోకచుక్క తాకి న్యూయార్క్ నాశనమైతే ఒక నల్లవాడూ ఒక తెల్ల యువతీ మిగిలితే ఏమవుతుందని ఊహించి కథ రాశారు. ఉన్నది లెక్కపెట్టిన మనిషే లేనిదాన్ని ఊహించాడు. ఈ రెండు పనులూ వేర్వేరని అనుకోవడం వల్లే ఆఫ్రోఫ్యూచరిజం చాలామందికి వేషధారణలా, రాకెట్ల సరదాలా కనిపిస్తుంది.

ఇంకొకరు సన్ రా. 1914లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో హెర్మన్ బ్లౌంట్‌గా పుట్టిన జాజ్ సంగీతకారుడు. తాను శనిగ్రహం నుంచి వచ్చానని చెప్పుకున్నారు, 1952లో పేరు కూడా చట్టబద్ధంగా మార్చుకున్నారు. తళతళలాడే వస్త్రాలతో, ఈజిప్టు కిరీటాల్లాంటి తలపాగాలతో తన బృందం 'ఆర్కెస్ట్రా'ను నడిపారు. 1968లో ఆ బృందం ఫిలడెల్ఫియాకు వచ్చి, జర్మన్‌టౌన్‌లో మోర్టన్ వీధిలోని ఒక రో హౌస్‌లో దిగింది. శాక్సఫోన్ వాయించే మార్షల్ అలెన్ వాళ్ల నాన్నగారిది ఆ ఇల్లు. గ్రహాంతర యాత్రల గురించి పాడే మనుషులు రాత్రింబవళ్లు సాధన చేసింది అలాంటి సాదాసీదా ఇరుకింట్లో. సన్ రా 1993 మేలో కన్నుమూశారు. ఆఫ్రోఫ్యూచరిజం అనే పేరు అచ్చయిందీ ఆ ఏడాదే.

భవిష్యత్తు మాటెత్తితే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది బ్రహ్మంగారి కాలజ్ఞానం. జరగబోయేదాన్ని అది ముందే చెబుతుంది. ఈ గోడల మీద జరిగేది దానికి తిరగేసిన పని. జరిగి తీరాలని కోరుకున్నదాన్ని ముందే రాసి పెట్టి, వీధిలో పోయే ప్రతివాడి కంటా పడేలా చేయడం.

ఇక ఆ రాత ఎలా జరుగుతుందన్నది చూడాలి. ఫిలడెల్ఫియాలో నగరపాలకుల కుడ్యచిత్రాల పని 1984లో మొదలైంది, అదీ కళ పేరుతో కాదు. గోడల మీద పిచ్చిరాతలు మాన్పించాలని మేయర్ విల్సన్ గూడ్ పెట్టిన యాంటీ గ్రాఫిటీ నెట్‌వర్క్‌లో జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి చేరారు. స్ప్రే డబ్బాలతో పట్టుబడిన కుర్రాళ్లకు కుంచెలిచ్చి కూర్చోబెట్టారు. 1996లో అది మ్యూరల్ ఆర్ట్స్ ప్రోగ్రామ్‌గా మారింది. ఇప్పటికి 4 వేలకు పైగా గోడలయ్యాయి.

మొదట్లో నేరుగా గోడ మీదే వేసేవారు. 1990లో కెంట్ ట్విచెల్ అనే చిత్రకారుడు బాస్కెట్‌బాల్ ఆటగాడు జూలియస్ ఎర్వింగ్ నిలువెత్తు బొమ్మను రిడ్జ్ అవెన్యూలో వేస్తూ, ఈ ఊరికి కొత్త పద్ధతి పరిచయం చేశారు. బొమ్మను పారాచూట్ గుడ్డ అని పిలిచే పల్చటి నేయని బట్ట మీద వేసి, తర్వాత గోడకు అతికించడం. ఈ పద్ధతి చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, సామూహిక చిత్రం అన్న మాటకు అర్థమే మార్చేసింది.

చిత్రకారుడు చిన్న కాగితం మీద వేసిన బొమ్మకు ముందు పేటవాసుల సమావేశాల్లో ఆమోదం దొరకాలి. ఆ తర్వాత దాన్ని అయిదడుగుల చదరాలుగా విడగొడతారు. ఒక్కో చదరాన్ని గోడంత కొలతకు పెంచి గుడ్డ మీద గీస్తారు. గీత గీతకూ మధ్య ఉన్న ప్రతి ముక్కలోనూ ఒక అంకె వేస్తారు. 14 అంటే ఏ గోధుమ రంగో, 22 అంటే ఏ ముదురు ఊదానో. బల్ల మీద అంకెలంటించిన ప్లాస్టిక్ కప్పుల్లో రంగులుంటాయి. బడి పిల్లలు, చర్చి నుంచి వచ్చిన పెద్దావిడలు, దారిన పోతూ ఆగిన బస్సు డ్రైవరు, ఎవరైనా సరే కుర్చీ లాక్కుని కూర్చుని 14 ఉన్నచోట 14 నింపొచ్చు. ఆ నింపినవాడికి అప్పుడు తెలియదు, అది చెక్కిలి మీద నీడో నక్షత్రం పక్కన చీకటో. ఆరాక ఆ గుడ్డ ముక్కల్ని చుట్టి మోసుకెళ్లి, సిద్ధం చేసిన గోడకు యాక్రిలిక్ జెల్ పట్టించి, పరంజా మీద నిలబడి, గాలి బుడగలు లేకుండా గోడకాగితం అతికించినట్టు అతికిస్తారు. అతుకుల మీద చిత్రకారుడు మళ్లీ కుంచె తిప్పుతాడు. వారం తర్వాత ఎవరూ అతుకు ఎక్కడుందో చూపించలేరు.

గుడ్డ కాబట్టే గోడ దాకా రాలేనివాళ్లు కూడా ఇందులో చేయి వేయగలిగారు. గ్రేటర్‌ఫోర్డ్ రాష్ట్ర కారాగారం 2018లో మూతపడే వరకూ అక్కడి ఖైదీలు, వాళ్లలో యావజ్జీవం పడ్డవాళ్లు కూడా, ఇలా చాలా చదరాలకు రంగులు వేశారు. తాము వేసిన బొమ్మను చూడటానికి వాళ్లు బయటికి రాలేరు. వాళ్ల చేతి రంగు మాత్రం నగరం నడివీధిలో ఎండా వానా ఓర్చుకుంటూ ఉంటుంది.

ఆఫ్రోఫ్యూచరిజానికి ఇంతకన్నా తగిన పద్ధతి దొరకదు. ఈ కళ చేస్తున్న అసలు వాదన ఆకాశంలో వేలాడే నగరాల్లోనూ బంగారు శిరోభూషణాల్లోనూ వెతికితే సగమే దొరుకుతుంది. రేపు ఎలా ఉండాలో తేల్చే సమావేశంలో మాకూ ఒక కుర్చీ ఉండాలి, మా చేతికీ ఒక కుంచె రావాలి అన్నదే మిగతా సగం, దానిదే పెద్ద వాటా. 2018లో 'బ్లాక్ పాంథర్' అనే సూపర్‌హీరో సినిమా ప్రపంచమంతా ఆడాక, అమెరికా గోడల మీద పాలపుంతలు, లోహపు కవచాలు, మెరిసే కళ్లు వరదలా వచ్చిపడ్డాయి. ఒక వారంలో స్ప్రే డబ్బాలతో వేసి వెళ్లిపోయిన బొమ్మకూ, ఆ వీధివాళ్లు ముక్కముక్కా నింపిన బొమ్మకూ దూరం నుంచి తేడా తెలియకపోవచ్చు. ఆ వీధిలో ఉండేవాళ్లకు తెలుస్తుంది. ఒకదాని ముందు నిలబడి ఫొటో దిగుతారు, రెండోదాని ముందు పిల్లాణ్ణి ఎత్తుకుని "ఆ మూల నేనేసిందే" అని చూపిస్తారు.

అమెరికాలో సామూహిక కుడ్యచిత్రం అనే సంప్రదాయమే నల్లజాతి పేటలో ఇలా మొదలైంది. 1967లో షికాగో దక్షిణ భాగంలో, 43వ వీధి, లాంగ్లీ అవెన్యూ మూలన, విలియం వాకర్ తదితరులు కలిసి 'వాల్ ఆఫ్ రెస్పెక్ట్' వేశారు. నల్లజాతి వీరులు, సంగీతకారులు, కవుల బొమ్మలవి. అనుమతి ఇచ్చింది పేట జనం, కాపలా కాసిందీ వాళ్లే. 1971లో ఆ కట్టడం మంటల్లో చిక్కుకుంది, ఆపైన కూల్చేశారు. ఆ గోడ మీద ఉన్నది గౌరవం, అంటే జరిగిపోయినదానికి దండం. అర్ధశతాబ్దం తర్వాత లాన్స్‌డౌన్ అవెన్యూలో గోడ ఎక్కింది ఇంకా పుట్టనివాళ్ల కాలం.

పశ్చిమ ఫిలడెల్ఫియాలో రేపటి గురించి బొమ్మ వేయడం తేలికైన పని కాదు. నగరానికి తొలి నల్లజాతి మేయరైన అదే విల్సన్ గూడ్ హయాంలో, కుడ్యచిత్రాల పని మొదలైన మరుసటి ఏడాది, 1985 మే 13న పోలీసులు హెలికాప్టర్‌లోంచి ఓసేజ్ అవెన్యూలో ఒక ఇంటి మీద బాంబు వేశారు. అందులో ఉన్నది మూవ్ అనే నల్లజాతి బృందం. మంటల్ని కాసేపు అలాగే కాలనిచ్చారు. అయిదుగురు పిల్లలతో సహా 11 మంది చనిపోయారు, 61 ఇళ్లు బూడిదయ్యాయి. మధ్యగోడలు కలిసి ఉన్న వరుస ఇళ్లు కదా, ఒకదాన్నంటుకున్న మంట పక్కదాన్ని అడగకుండానే అందుకుంది. మళ్లీ కట్టించిన ఇళ్లు నాసిరకంగా ఉండి, చాలావాటిని నగరపాలకులే తిరిగి కొని తలుపులు మూసేశారు. అంతకు రెండు దశాబ్దాల ముందు, విశ్వవిద్యాలయాల విస్తరణ కోసం 'బ్లాక్ బాటమ్' అనే నల్లజాతి పేటను ఇక్కడే ఖాళీ చేయించారు. వేలమంది వెళ్లిపోవాల్సి వచ్చింది. పునరుద్ధరణ, అభివృద్ధి, రేపటి నగరం అన్న మాటలన్నీ ఈ జనం ముందే విన్నారు. ఆ మాటలు వినిపించినప్పుడల్లా ఇల్లు పోయింది. అలాంటి చోట భవిష్యత్తు అనే పదాన్ని తిరిగి తమ నోటితో పలకడానికే ధైర్యం కావాలి.

లాన్స్‌డౌన్ అవెన్యూ బొమ్మలో ఒక చోట మాత్రం ఆగి ఆలోచించాలి, అది ఫోన్ పొర. బొమ్మ కదలడం, దాని లోపలి నుంచి సంగీతం రావడం పిల్లలకు అద్భుతంగా ఉంటుంది. కింగ్ బ్రిట్ లాంటి సంగీతకారుడి పనికి గోడ మీద చోటు దొరకడం మంచిదే. అయితే యాప్ అనేది అద్దెకుండే వస్తువు. ఫోన్ల సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా దాన్ని ఎవరో ఒకరు సరిచేస్తూ ఉండాలి, ఆ పనికి ఏటా డబ్బు కావాలి. గుడ్డ మీద వేసిన మంచి యాక్రిలిక్ రంగు పైపూత సరిగా పడితే దశాబ్దాలు నిలుస్తుంది. రేపటి బొమ్మలో ముందుగా పాతబడేది టెక్నాలజీయే, నిలిచేది కుంచె పనే. చేతిలో మంచి ఫోనూ, అందులో డేటా లేని పేదింటి పిల్లకు కూడా పూర్తిగా అందే భాగం ఆ కుంచె పనే. సాంకేతికతలో నల్లవాళ్ల వాటా గురించి మాట్లాడే కళ ఈ తేడాను మర్చిపోకూడదు.

రంగుకైనా గోడ నిలబడితేనే ఆయుష్షు. గోడ ఒకరిది, దాని ముందున్న ఖాళీ స్థలం ఇంకొకరిది. పేటలో ధరలు పెరిగితే ఆ ఖాళీ స్థలంలో ముందుగా లేచేది అపార్ట్‌మెంటు. పెద్ద సంగీతకారుడు జాన్ కోల్ట్రేన్ ఉత్తర ఫిలడెల్ఫియాలోని స్ట్రాబెర్రీ మాన్షన్ పేటలో ఉండేవారు. అక్కడ 2002లో వేసిన ఆయన కుడ్యచిత్రాన్ని 2014లో కొత్త కట్టడం కోసం పడగొట్టారు. పేటవాళ్లు ఊరుకోలేదు. 2017లో 29వ వీధి, డైమండ్ వీధి కూడలిలో ఎర్నెల్ మార్టినెజ్ చేత కొత్త బొమ్మ వేయించుకున్నారు. బొమ్మ తిరిగొచ్చింది సరే. అంత తేలిగ్గా తిరిగి రానివాళ్లు అద్దెలు పెరిగి వెళ్లిపోయినవాళ్లు.

కుడ్యచిత్రాలే ఆ ధరలు పెరగడానికి ఒక కారణమన్న విమర్శ కూడా ఉంది. దీనికి ఆర్ట్‌వాషింగ్ అని పేరు పెట్టారు. రంగురంగుల గోడ చూసి కాఫీ షాపు వస్తుంది, కాఫీ షాపు చూసి బిల్డరు వస్తాడు, బిల్డరు వచ్చాక గోడ వేసినవాళ్లు పోతారు. ఈ విమర్శలో నిజముంది. కానీ దోషం రంగుది కాదు. స్థలం హక్కు చేతిలో లేనివాడు ఇంటి ముందు ముగ్గు పెట్టుకున్నా, మొక్క నాటుకున్నా, వీధి బాగుచేసుకున్నా లాభం స్థలం యజమానికే పోతుంది. అందువల్ల ఊరు అందవికారంగా ఉండాలని ఎవరూ కోరుకోరు. కోరాల్సింది ఇంటి హక్కు.

ఈ సంగతిని అందరికన్నా స్పష్టంగా పట్టుకున్నవాళ్లు ఫిలడెల్ఫియాలోనే పనిచేశారు. రషీదా ఫిలిప్స్, కమే అయేవా కలిసి నడిపే 'బ్లాక్ క్వాంటమ్ ఫ్యూచరిజం' అనే కళాబృందం వాళ్లది. ఫిలిప్స్ వృత్తిరీత్యా న్యాయవాది, ఇల్లు ఖాళీ చేయించే కేసుల్లో పేద అద్దెదారుల తరఫున నిలబడ్డారు. అయేవా 'మూర్ మదర్' పేరుతో పాడే కవయిత్రి. 2016లో ఉత్తర ఫిలడెల్ఫియా షార్స్‌వుడ్ పేటలో నగర గృహనిర్మాణ సంస్థ బ్లంబర్గ్ టవర్లనే నివాస భవనాలను పేల్చి కూల్చింది. చుట్టుపక్కల సుమారు 1,300 స్థలాలను స్వాధీనం చేసుకునే పని అప్పటికే నడుస్తోంది. ఆ ఏడాదే వీళ్లు రిడ్జ్ అవెన్యూలో ఒక దుకాణం గది తీసుకుని 'కమ్యూనిటీ ఫ్యూచర్స్ ల్యాబ్' పెట్టారు. పేటవాళ్లను కూర్చోబెట్టి జ్ఞాపకాలు రికార్డు చేశారు. అక్కడితో ఆగకుండా, ఇక్కడ ముందుముందు ఏం జరగాలనుకుంటున్నారో కూడా చెప్పించి దాన్నీ భద్రపరిచారు. మౌఖిక చరిత్ర అన్న మాట అందరికీ తెలుసు. వీళ్లు దాన్ని మౌఖిక భవిష్యత్తు దాకా తీసుకెళ్లారు. కోర్టులో మరో నెల గడువు కోసం వాదించే మనిషికి కాలం అంటే సిద్ధాంతం మాత్రమే కాదు, అది సామాను సర్దుకోవాల్సిన తేదీ.

అదే రాష్ట్రంలో, రెండో కొసన ఉన్న పిట్స్‌బర్గ్‌లో, 2018లో ఇంకో ఘటన జరిగింది. అలీషా వార్మ్‌స్లీ అనే కళాకారిణి ఈస్ట్ లిబర్టీ పేటలో ఒక మేడ మీది హోర్డింగ్‌కు ఒకే ఒక్క వాక్యం ఎక్కించారు: భవిష్యత్తులో నల్లజాతి మనుషులు ఉన్నారు. బొమ్మ లేదు, నినాదం లేదు, ఎవరినీ తిట్టలేదు. 2015లో అదే పేటలోని పెన్ ప్లాజా అపార్ట్‌మెంట్ల నుంచి వందల మందిని ఖాళీ చేయించారన్నది ఆ వీధిలో అందరికీ తెలుసు. భవనం యజమాని ఒప్పందంలో ఏదో షరతు చూపించి ఆ అక్షరాలు తీయించేశారు. ఊరంతా నిలదీశాక పెట్టుకోవచ్చని అన్నారు. వార్మ్‌స్లీ ఆ వాక్యాన్ని తన దగ్గరే దాచుకోకుండా, దాంతో పని చేస్తామన్న పేట కళాకారులకు, కార్యకర్తలకు చిన్న చిన్న గ్రాంట్లు ఇప్పించారు. తర్వాత అది ఎన్నో ఊళ్లలో గోడలెక్కింది. ఉన్నారు అనే వర్తమాన క్రియ ఒక భవనం యజమానిని అంత కలవరపెట్టిందంటే, ఈ కళ దేని గురించో వేరే వివరించనక్కర్లేదు.

జర్మన్‌టౌన్‌లోని మోర్టన్ వీధి ఇల్లు ఇంకా నిలబడే ఉంది. 2022లో దాన్ని ఫిలడెల్ఫియా చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. ఇప్పుడు నగర చారిత్రక సంఘం అనుమతి లేకుండా ఎవరూ దాన్ని కూల్చలేరు. సన్ రా పోయాక కొన్నేళ్లకు బృందం పగ్గాలందుకున్న మార్షల్ అలెన్‌కు 2024 మే 25న వందేళ్లు నిండాయి. ఆ మరుసటి ఏడాది తన పేరు మీద తొలి సోలో ఆల్బమ్ విడుదల చేశారు.